సముద్రంలో నలభై ఒక్క ఇళ్ళు

ఫిబ్రవరి 3

ట్యూటరమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. ప్రాజెక్టు చేసే ప్రతివాళ్ళూ రోజూ ఏం చేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలట. ఎవరికీ చూపించక్కర్లేదట. చూపించక్కర్లేనిది రాయడం ఎందుకో నలభై ఎనిమిదేళ్ళ బుర్రకి ఎక్కలేదు. అయినా చదువుకునేవాణ్ణి కదా, చెప్పింది చెయ్యాలి. మొదటి పేజీలో మీ గురించి రాసుకోండి అంది. సరే.

నీళ్ళ సరఫరా ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా డ్రాఫ్ట్స్‌మన్‌ని. ట్రేసింగ్ కాగితం మీద నల్లసిరాతో ఈ ఊరి పైపులన్నీ గీసినవాణ్ణి. ఇప్పుడా పైపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలట. జీఐఎస్‌లో, అంటే కంప్యూటరు పటాల చదువులో, పట్టా ఉన్నవాళ్ళే డ్రాయింగ్ సెక్షన్లో మిగులుతారనీ, లేనివాళ్ళు పంప్‌హౌస్ కాపలాకి పోతారనీ కిందటేడు కాగితం వచ్చింది. అందుకే దూరవిద్యలో చేరాను. మా ఆవిడ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. "ఈ వయసులో మీకు హాల్ టికెట్టా!" అని రెండు రోజులు నవ్వి, మూడో రోజు తన పాత టేబుల్ లైటు తుడిచి నా బల్ల మీద పెట్టింది.

నా ప్రాజెక్టు: నాలుగో లైను నీళ్ళు తాగే ఇళ్ళు ఏవేవో పటం మీద పెట్టడం. ఇప్పటిదాకా అలాంటి పటం ఎవరి దగ్గరా లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

స్టడీ సెంటర్లో క్లాసు. సెంటరంటే పాలిటెక్నిక్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు. సింకుల మధ్య బెంచీల మీద పదహారు మందిమి, గోడ మీద తెర, తెరలో ట్యూటరమ్మ. ఆవిడ నోరు కదిలాక రెండు క్షణాలకి మాట వస్తుంది. వయసు మా అమ్మాయంత ఉంటుంది. మమ్మల్నందర్నీ "సార్" అంటుంది, మార్కుల దగ్గర మాత్రం సారూ లేదు గీరూ లేదు.

చిరునామాల జాబితా ఇస్తే సాఫ్ట్‌వేర్ ఒక్కో ఇంటినీ చుక్కగా పటం మీద పెడుతుంది. నూటికి తొంభై ఐదు ఇళ్ళయినా దొరకాలి. ఒక్కటి తగ్గినా ప్రాజెక్టు వెనక్కి, మళ్ళీ ఏడాదికే. మా బెంచీలో కూర్చునే అటవీశాఖాయన, మేం ఫారెస్టు అంటాం, లేచి అడిగాడు.

"మా అడవిలో ఇంటి నంబర్లు ఉండవు మేడమ్. చెట్లకి వేసుకోమంటారా?"

రెండు క్షణాలు ఆగి తెర నవ్వింది. "వేసుకోండి సార్. చెట్టు దొరక్కపోతే మార్కూ దొరకదు."

ఏడాది ఆగితే నేను పంప్‌హౌస్‌లో ఉంటాను.

ఫిబ్రవరి 21

ఇవాళ ఇళ్ళు పటం మీదికి ఎక్కాయి. మీటరు రీడర్ల రిజిస్టర్లనీ నా పాత ట్రేసింగులనీ పక్కపక్కన పెట్టుకుని, నాలుగు నెలలు కూర్చుని ఆరువందల పన్నెండు చిరునామాలు టైపు చేశాను. బటన్ నొక్కితే చుక్కలు టపటపా పడ్డాయి. గర్వంగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

తరవాత చూస్తే ఊరు ఆవగింజంత అయిపోయింది. ఎందుకా అని వెతికితే, ఎక్కడో భూమధ్యరేఖ మీద, నడిసముద్రంలో ఇంకో చుక్క. చిరునామా అర్థంకాని ఇళ్ళకి ఈ సాఫ్ట్‌వేర్ అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా వేసి అక్కడ పడేస్తుందట. కనిపించేది ఒక్క చుక్కే, నొక్కితే నలభై ఒకటి. ఒకదాని మీద ఒకటి నలభై ఒక్క ఇళ్ళు.

అన్నీ మిల్లు వెనక సందువి. ఆ సందులో ఇంటి నంబర్లు లేవు. మీటరు రీడరు మహానుభావుడు తనకి ఎలా గుర్తుంటే అలా రాసుకున్నాడు. "మెట్ల కింద, కుంటికుక్క ఉన్న ఇల్లు." "మలుపులో, ఎప్పుడూ తాళం." ఏ కంప్యూటరు వెతికి పెడుతుంది కుంటికుక్కని?

తొంభై మూడు శాతం.

ఫిబ్రవరి 22

పాఠం ప్రకారం చెయ్యాల్సింది తెలుసు. ఫోను పట్టుకుని ఆ సందుకి పోయి, ఒక్కో తలుపు ముందు నిలబడి, ఆ చోటు గుర్తుపెట్టి, చుక్కని చేత్తో పెట్టాలి. రెండు ఆదివారాల పని. గడువు రేపు సాయంత్రం ఐదింటికి.

వాన. మోకాలి నొప్పి.

ఫిబ్రవరి 23, ఆదివారం

పంపేశాను.

నలభై ఒకటీ ఎంచుకుని డిలీట్ నొక్కాను. ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అన్నాను. ఇప్పుడు ఐదువందల డెబ్భై ఒకటికి ఐదువందల డెబ్భై ఒకటీ దొరికాయి. నూటికి నూరు. "క్షేత్ర పరిశీలన పూర్తయింది" అని టిక్కు పెట్టడానికి ఒక గడి ఉంది. పెట్టాను. అందరూ పెడతారు.

తీసేసినవి ఇళ్ళు కావు, పనికిరాని వరుసలు. డేటా శుభ్రం చెయ్యడమనేది ఆరో పాఠంలో ఉంది.

మార్చి 8

ఎనభై ఆరు మార్కులు! ట్యూటరమ్మ స్వయంగా ఫోను చేసింది. "నూరు శాతం ఈ బ్యాచిలో మీదొక్కటే సార్. ఫీల్డుకి ఎన్ని రోజులు తిరిగారు?" అంది. "చాలా" అన్నాను. ఇక మిగిలింది జూన్‌లో వైవా.

ఆఫీసులో ఇంజినీరు గారు పటాన్ని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తన గది గోడకి పెట్టించారు. ఆయనకి ముప్ఫై దాటలేదు, నన్ను బాబాయ్ గారూ అంటారు, సగం గౌరవం సగం వేళాకోళం. ఇవాళ వేళాకోళం లేదు. టీ అక్క అందరికంటే ముందు నాకే గ్లాసు తెచ్చింది. ఆమె పొయ్యి నా గది వెనకే, పదకొండేళ్ళుగా ఇద్దరం ఒకే పొగ పీలుస్తున్నాం. "మా తమ్ముడు ఫస్టొచ్చాడు" అని వరండా అంతా చాటింపు వేసింది. ఫస్టు కాదక్కా అంటే వినదు.

మార్చి 19

పొద్దున్నే గోల. సంత దగ్గర నాలుగో లైను అతుకు విడిచింది, మురుగు కలుస్తోంది. చిన్న మరమ్మతు కాదు, అర కిలోమీటరు పైపు మార్చాలి. నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ లైను నీళ్ళు తాగకూడదు. మీటరు రీడర్లు ఇంటింటికీ పోయి చెప్పి, క్లోరిన్ బిళ్ళలిచ్చి, సంతకం తీసుకోవాలి.

ఇంజినీరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "బిల్లుల రిజిస్టర్లు వీధుల వారీగా ఉన్నాయి బాబాయ్ గారూ. ఏ ఇల్లు ఏ లైనుదో ఒక్క ముక్క లేదు. మీ పటమే దిక్కు. నాలుగో లైను మీద ఎన్ని ఇళ్ళు?"

"ఐదువందల డెబ్భై ఒకటి."

"అన్నీ వచ్చినట్టేనా?"

ప్రింటరు అప్పటికే మొదలుపెట్టింది. మీటరు రీడర్లు వరండాలో నిలబడి కాగితాలు పంచుకుంటున్నారు. నేనేం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. తల ఊపాననుకుంటాను.

మార్చి 20

ఆయన అడిగింది పటంలో ఉన్నవాటి గురించి. పటంలో ఉన్నవన్నీ వచ్చాయి.

మార్చి 21

టీ అక్క వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"తమ్ముడూ, మాది నాలుగో లైనా, ఆరో లైనా? మా సందు వాళ్ళంతా ఆరే అంటున్నారు. ఎదర వీధిది ఆరే కదా, వాళ్ళకెవరూ వచ్చి చెప్పలేదు, మాకూ చెప్పలేదు. అయినా నీ దగ్గర పటం పెట్టుకుని ఊళ్ళో వాళ్ళని అడగడమెందుకు? చూసి చెప్పు."

ఆమె ఇల్లు మిల్లు వెనక ఎక్కడో అని తెలుసు. ఎప్పుడూ వెళ్ళలేదు. కంప్యూటరు ఆమె వైపు తిప్పి చూపించాను. మిల్లు గోడ ఉంది. దాని వెనక ఏమీ లేదు.

"నాలుగో లైను జాబితాలో లేదక్కా."

"అంతే కదా. బతికించావు. ఆ బిళ్ళల నీళ్ళు నోట్లో పెట్టుకోలేం, మా చుట్టం ఇంట్లో తాగాను, బ్లీచింగు వాసన." గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

అబద్ధం చెప్పలేదు. జాబితాలో లేదన్నాను. లేదు.

మార్చి 22

చెరిపిన నలభై ఒకటీ పాత ఫైల్లో అలాగే ఉన్నాయి. తెరిచి చూస్తే ఆమె ఇల్లు అందులో ఉందో లేదో తెలిసిపోతుంది. అర నిమిషం పని.

రేపు చూస్తాను.

మార్చి 23

ఇంజినీరు గారికి చెప్పాలంటే ఎలా మొదలుపెట్టాలి? పట్టా ఇంకా చేతికి రాలేదు. క్షేత్ర పరిశీలన గడిలో టిక్కు నాదే. విశ్వవిద్యాలయానికి తెలిస్తే ప్రాజెక్టు రద్దు. ఆఫీసుకి తెలిస్తే పంప్‌హౌస్ కూడా ఉండదు. అయినా ఆ సందు ఆరో లైనే కావచ్చు. ఎదర వీధిది ఆరు.

ఆ సందుకి పైపు గీసింది నేనే, పంతొమ్మిదేళ్ళ కింద. మిల్లు గోడ కిందనుంచి తెచ్చాం. ఏ లైనులోంచి తెచ్చామో గుర్తులేదు.

గుర్తులేదు.

ఏప్రిల్ 2

టీ అక్క కూతురు ఇవాళ దిగిందట. తొలి కాన్పు, ఏడో నెల. పక్క ఊళ్ళో ఉండే అల్లుడు పొద్దున బస్సులో తెచ్చి దింపి, మళ్ళీ పనికి వెళ్ళిపోయాడట. అక్క నేల మీద నడవడం లేదు. "మూడు నెలలు నా దగ్గరే. నా చేత్తో పెట్టి పంపిస్తా. అక్కడ వాళ్ళత్త చీపురుపుల్ల చేసి పెట్టింది నా బిడ్డని."

మంచిది అన్నాను.

ఏప్రిల్ 3

రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 17

పైపు మార్చడానికి కాంట్రాక్టరు దొరకలేదట. ఇంకో నెల. ఐదువందల డెబ్భై ఒక్క సంతకాలూ వచ్చాయని పైఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం. అందులో నా పేరుంది.

వైవాకి చదువుతున్నాను. పదకొండో పాఠం: దత్తాంశంలో లోపాలు, వాటి వ్యాప్తి. రెండు పేజీల తరవాత నిద్ర వచ్చింది.

మే 4, ఆదివారం

పొద్దున మా ఆవిడ కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చుంది, తాగడం లేదు.

"ల్యాబులో ఏమైంది?"

"కామెర్లండీ. వారంలో తొమ్మిది. మురుగునీళ్ళ కామెర్లు. మామూలు వాళ్ళకి నెల పడుకుంటే తగ్గిపోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తేనే భయం. నలుగురిలో ఒకరు దక్కరు."

"ఎక్కడివాళ్ళు?"

"ఎక్కువమంది మిల్లు వైపు వాళ్ళు. మీ లైను ఆ వైపు కాదుగా?"

కాదన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పిల్లి నయం, దానికి పాలన్నా దక్కుతాయి.

మే 6

టీ అక్క రాలేదు. కూతురికి జ్వరం, వాంతులు, ఆసుపత్రిలో చేర్చారని అటెండరు చెప్పాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయట.

మే 7

పాత ఫైలు తెరిచాను.

వరుస 588. "మిల్లు వెనక, రెండో మెట్లు, నీళ్ళాఫీసులో టీ ఇచ్చే ఆమె ఇల్లు."

ఇది మీటరు రీడరు రాసిన మాట. టైపు చేసింది నేను. అక్షరం అక్షరం నా వేళ్ళతో కొట్టాను, అప్పుడే నవ్వుకున్నాను కూడా, చూడు మన అక్క చిరునామాలో ఎక్కింది అని. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తోంది. తెరిచి చూస్తే గానీ తెలియదని ఎవరికి చెప్పుకున్నాను? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అంటే నాకే చెప్పుకున్నాను.

బీరువాలోంచి ట్రేసింగు కూడా తీశాను. మిల్లు గోడ కిందనుంచి పైపు. నాలుగో లైనులోంచే. కింద నా సంతకం.

మే 8

సెలవు పెట్టి బిళ్ళల సంచీ తీసుకుని సందుకి వెళ్ళాను. నలభై ఒక్క ఇళ్ళు, ఒక్క పూట పట్టింది. రెండు ఆదివారాల పని అనుకున్నాను ఫిబ్రవరిలో. ఒక్క పూట. కుంటికుక్క నిజంగానే ఉంది, నా వెనకే నాలుగిళ్ళు వచ్చింది.

"కొత్త సర్వే. మీది నాలుగో లైను. ఈ నీళ్ళు తాగకండి" అని ఒక్కో తలుపు దగ్గరా చెప్పాను. ఒక ముసలాయన గడప మీద కూర్చుని సంతకం పెడుతూ అడిగాడు. "ఇప్పుడు తెలిసిందా బాబూ?"

"ఇప్పుడే" అన్నాను.

రెండో మెట్ల దగ్గర తాళం వేసి ఉంది. బయట కొళాయి కింద బిందె పెట్టి ఉంది, నిండి పొర్లుతోంది. కొళాయి కట్టేసి వచ్చాను.

మే 9

నలభై ఒకటీ జాబితాలో చేర్చాను. ఇంజినీరు గారు అడిగారు.

"ఇవెక్కడినుంచి ఊడిపడ్డాయి బాబాయ్ గారూ?"

"కొత్త కనెక్షన్లండి."

మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. నా మాటకి ఆఫీసులో అంత విలువ వచ్చింది.

మే 11, ఆదివారం

పోయింది. కడుపులో బిడ్డ కూడా.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి చెప్పింది. ఆమెకి తెలియదు, అది మా టీ అక్క కూతురని. ఎనిమిదో నెల కేసు పోయిందండీ అని మాత్రం చెప్పి స్నానానికి వెళ్ళింది.

మే 12

ఆఫీసంతా వెళ్ళింది. నేను వెళ్ళలేదు. మోకాలు.

మే 13

మోకాలు నొప్పి లేదు.

మే 26

టీ అక్క పనిలోకి వచ్చింది. మనిషి సగమైంది. పొయ్యి వెలిగించి పాలు పొంగిపోతున్నా అలాగే చూస్తూ నిలబడింది. నేను లేచి మంట తగ్గించాను. అప్పుడు మొదలుపెట్టింది, నాతో కాదు, పొయ్యితో చెప్తున్నట్టు.

"నా చేత్తోనే పోశాను నీళ్ళు. చల్లగా ఉంటాయని బిందె నీడలో పెట్టి మరీ పోశాను. కాచి ఇవ్వమన్నారు డాక్టర్లు, ఎప్పుడో మొదట్లో చెప్పారు. గ్యాసు దండగ అనుకున్నా. మాది మంచి లైనే కదా అనుకున్నా. నువ్వు చూసి చెప్పావు కూడా."

నేను ఏదో అనబోయాను.

"నిన్ననడం లేదు తమ్ముడూ. నువ్వేం చేస్తావు, ఉన్నది చూసి చెప్పావు. బుద్ధి నాకుండాలి. మా అల్లుడు నా మొహం చూడటం లేదు. కర్మలయ్యాక సామాను తీసుకుపోవడానికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. 'చంపుకోడానికా అడిగి తెప్పించుకున్నారు' అన్నాడు. ఆ ఒక్క మాటే."

ఆ క్షణంలో చెప్పొచ్చు. మనిషి ఎదురుగా ఉంది, గదిలో ఇద్దరమే ఉన్నాం. చెప్పలేదు. గ్లాసులు కడిగే పళ్ళెం అందించాను.

సిగ్గులేని బతుకు.

జూన్ 1, ఆదివారం

మా ఆవిడని అడిగాను, ఊరికే అడిగినట్టు.

"ఆ కామెర్లు, నీళ్ళు తాగిన ఎన్నాళ్ళకి బయటపడతాయి?"

"రెండు వారాల నుంచి రెండు నెలల దాకా. ఎప్పుడు తాగిందో, ఎక్కడ తాగిందో ఎవరు చెప్పగలరు? ఎందుకు?"

"చదువుతున్నాను."

చూశావా. రెండు నెలలట. ఇక్కడికి రాకముందే, వాళ్ళ ఊళ్ళోనే తాగి ఉండొచ్చు. బస్సులో తాగి ఉండొచ్చు. బస్టాండులో. సైన్సు ప్రకారం ఉండొచ్చు.

ఇలా రాసి పావుగంటైంది. రాసినదాన్ని మళ్ళీ చదివాను. ఇంత నీచంగా ఉంటానని నాకు తెలియదు.

జూన్ 8, ఆదివారం

వైవా. తెరలో ఇద్దరు: ట్యూటరమ్మ, పక్క గడిలో బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి. కళ్ళజోడు నుదుటి మీద, కునుకు ఆపుకుంటున్న మొహం. నాకు ముందు ఎనిమిది మంది అయ్యారు పాపం.

ట్యూటరమ్మ పరిచయం చేసింది. "వీరి పటం నిజంగా ఆపదలో వాడారు సార్. ఐదువందల డెబ్భై ఒక్క కుటుంబాలకి సమయానికి కబురు అందింది."

"బావుంది. మీ అధ్యయనంలో పరిమితులేమైనా?" అన్నాడాయన. అందరినీ అడిగే ప్రశ్నే. ఫారెస్టుకి ఉపగ్రహం ఫొటోల్లో మబ్బులు పరిమితి. ఇంకొకాయనకి ఇంటర్నెట్టు.

"నలభై ఒక్క ఇళ్ళు దొరకలేదండి. సున్నా దగ్గర పడ్డాయి. తొంభై ఐదు రావాలని తీసేశాను. ఫీల్డుకి వెళ్ళలేదు. టిక్కు దొంగది. ఆ ఇళ్ళకి కబురు అందలేదు. ఒకమ్మాయి చచ్చిపోయింది."

రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల ఆలస్యం ఎప్పుడూ ఉండేదే, ఈసారి ఇంకా సాగింది. ట్యూటరమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. పరీక్షాధికారి కళ్ళజోడు దింపుకున్నాడు. కాసేపు కాగితాల్లోకి చూశాడు.

"ఆ అమ్మాయి సంగతి... అది మనం ఇక్కడ తేల్చేది కాదు. దొరకని రికార్డుల విషయం మాత్రం పరిమితుల కింద ఒక పేరా చేర్చి వారంలో పంపండి. లోపాన్ని గుర్తించడం కూడా నేర్చుకోవడమే." తరవాత, "నెక్స్ట్ ఎవరు?" అన్నాడు.

పాసయ్యాను.

బయట కాలేజీ మెట్ల మీద కూర్చున్నాను. ఉరిశిక్ష వేస్తారని వెళ్ళినవాణ్ణి ఒక పేరా రాసుకు రమ్మని పంపారు. ట్యూటరమ్మ ఫోను చేసింది, నేను ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తితే ఏడుస్తోంది. "తొంభై ఐదు నేనే పెట్టాను సార్" అంది. ఈ ఊళ్ళో నేను తప్ప అందరూ తప్పు తమదే అంటున్నారు.

జూన్ 9

మా ఆవిడకి మొత్తం చెప్పాను. మొదట్నించీ, 588తో సహా. ఆమె మడతపెడుతున్న బట్టలు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి.

"ఎనిమిదో నెల కేసు. పేరు చూసి రక్తం తీసింది నేనేనండీ."

తరవాత అడిగింది.

"అక్కకి చెప్పారా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నారు? తెరలో వాళ్ళకి చెప్పారు, నాకు చెప్పారు. ఆవిడ ఒక్కతెకి తప్ప ఊరందరికీ చెప్తారా?"

ఆమె లేచి బట్టలు బీరువాలో పెట్టింది. ఎప్పుడూ నా చొక్కాలు పైన పెడుతుంది. ఇవాళ మంచం మీదే వదిలేసింది.

జూన్ 10

ముందు ఇంజినీరు గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. చదివి తలుపు వేశారు. "ఇది ఫైల్లో పెడితే నేనూ పోతాను బాబాయ్. 'అన్నీ వచ్చినట్టేనా' అని అడిగి ఊరుకున్నది నేను. చించెయ్యండి, నేను చూడలేదనుకుంటాను." చించలేదు. ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ఏం చేస్తారో చేసుకోనీ. నిండా మునిగినవాడికి చలేమిటి.

తరవాత పొయ్యి దగ్గరికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది.

"అక్కా, మీ ఇల్లు నాలుగో లైనే. నా దగ్గర ఉంది. మార్కుల కోసం నేనే చెరిపేశాను. నువ్వు అడిగిన రోజు నాకు అనుమానం ఉంది. అయినా జాబితాలో లేదన్నాను."

అర్థం కాలేదు మొదట. ఇంకోసారి చెప్పాను, చిన్న చిన్న మాటల్లో. నలభై ఒక్క ఇళ్ళు, నా వేలు, ఒక మీట. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఉంది, తడి లేకపోయినా.

"అయితే నీకు తెలుసా?"

"తెలుసక్కా."

"అది నా దగ్గరికొచ్చిందని చెప్పినప్పుడూ తెలుసా?"

"తెలుసు."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బావుండేది. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. మంచిది అన్నావు, అంది. నా బిడ్డ వచ్చిందంటే మంచిది అన్నావు. ఆ మాటే నాలుగైదుసార్లు అంది.

మొహం తుడుచుకుని లేచింది. తమ్ముడూ అనలేదు.

"ఆదివారం మా అల్లుడు మళ్ళీ వస్తున్నాడు, మిగిలిపోయిన దాని మంచం, పెట్టె తీసుకుపోతానని. నువ్వొచ్చి ఈ మాట వాడి ముందు చెప్పాలి. నేను చెప్తే తప్పించుకోడానికి అంటున్నాననుకుంటాడు. వస్తావా?"

వస్తానన్నాను.

జూన్ 15, ఆదివారం

వెళ్ళాను. మా ఆవిడ కూడా వస్తానంది, వద్దన్నాను. సందు మలుపు దాకా వచ్చి అక్కడే నిలబడింది.

అతను గడప బయటే ఉన్నాడు. మంచం విప్పి కోళ్ళు తాడుతో కడుతున్నాడు. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. వడ్రంగి పని చేస్తాడట, ముళ్ళు గట్టిగా బిగిస్తున్నాడు. అక్క లోపల గోడ పక్కన నిలబడింది, మా ఇద్దరికీ కనిపించేట్టు.

చెప్పాను. ఈసారి మాటలు వెతుక్కోలేదు, నాలుగుసార్లు చెప్పినవే కదా. అతను తాడు వదల్లేదు. అంతా అయ్యాక ఇంకో ముడి బిగించాడు.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"జాబితా అచ్చయిన రోజు. మార్చి పంతొమ్మిది. ఇరవై ఒకటో తారీఖున మీ అత్తగారు వచ్చి అడిగారు కూడా."

"మార్చి." తాడు కింద పెట్టాడు. "మార్చిలో తను మా ఇంట్లోనే ఉంది. మా ఊరి నీళ్ళు తాగుతోంది." వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని సగంలో ఆపేశాడు. "నేనే తెచ్చాను. ఏప్రిల్లో. బస్సులో కుదుపులని వెనక సీటు వద్దన్నాను. ఈ మెట్ల మీద పట్టుకుని నడిపించి, ఇక్కడ దింపి పోయాను. మా అమ్మ వద్దంది. నేనే, అమ్మ దగ్గరైతే సుఖంగా ఉంటుందని..."

లోపలికి చూశాడు. అక్క అలాగే నిలబడి ఉంది. "అత్తా" అన్నాడు. ఆమె కదల్లేదు, అతనూ గడప దాటలేదు. తరవాత నా వైపు తిరిగాడు. కోపం లేదు మొహంలో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు, తెలిసినవాడు చెప్తాడని.

"మీరు అప్పుడే చెప్పి ఉంటే నేను తనని ఇక్కడికి తెచ్చేవాణ్ణి కాదు కదండీ?"

"తెచ్చేవాడివి కాదు" అన్నాను.